ఊళ్లో మిగిలిన పిల్లల పరీక్ష

ఎనిమిదో తరగతి ముగిశాక పేద పిల్లలు బడి మానేయకుండా చూడాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్, అంటే కుటుంబ ఆదాయాన్నీ విద్యార్థి ప్రతిభనూ కలిపి చూసి ఇచ్చే ఉపకార వేతనం, ఉపాధ్యాయుల వాడుకలో ఎన్‌ఎంఎంఎస్‌గా స్థిరపడింది. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందిని ఎంపిక చేసి, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున విద్యార్థి బ్యాంకు ఖాతాలో నేరుగా జమ చేసే ఈ పథకంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. పదో తరగతి మార్కుల గురించీ, ఇంజినీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షల గురించీ జరిగే చర్చలో పదో వంతు కూడా దీని గురించి జరగదు. అయినా శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు వంటి మెట్ట మండలంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థికి ఎదురయ్యే తొలి పోటీ పరీక్ష చాలాసార్లు ఇదే కనుక, దీనికి సన్నద్ధం చేయడమంటే నవంబరులో ఒక గైడు తెప్పించి నాలుగు మోడల్ పేపర్లు రాయించడమేనన్న అలవాటు ఆ విద్యార్థికి ఏ మేరకు ఉపకరిస్తున్నదో పరిశీలించవలసి ఉంది.

ముందుగా ఈ పరీక్ష ఎవరికోసమో స్పష్టం చేసుకోవాలి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్, పురపాలక, ఎయిడెడ్ పాఠశాలల్లోనూ, వసతి లేని ఆదర్శ పాఠశాలల్లోనూ ఎనిమిదో తరగతి చదువుతూ, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం) తెచ్చుకుని, కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలు దాటనివారే అర్హులు. ప్రైవేటు పాఠశాలల పిల్లలతోపాటు గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, నవోదయ, కేంద్రీయ, సైనిక్ విద్యాలయాల పిల్లలకు కూడా ఇందులో ప్రవేశం లేదు. భోజనం, వసతి ప్రభుత్వమే భరిస్తున్న చోట మళ్లీ నగదు సాయం అవసరం లేదన్నది వీటిలో వసతి పాఠశాలల మినహాయింపు వెనుక ఉన్న తర్కం. ఆ తర్కం సరైనదే అయినా, దాని పర్యవసానం ఒకటి సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు.

ఆ పర్యవసానం ఏమిటో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. రాయలసీమలో ప్రతిభను వెతికి పట్టే ప్రయత్నాలు కొత్తవి కావు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల వెలసింది. మరుసటి ఏడాది సీమ ప్రాంతం కోసం హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో మరొకటి ఏర్పడి, పదో తరగతి ఫలితాల్లో దశాబ్దాలపాటు పేరు నిలుపుకుంది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత అనంతపురం జిల్లాకు మంజూరైన నవోదయ విద్యాలయం లేపాక్షిలో నడుస్తున్నది. ఇవన్నీ ప్రాథమిక దశలోనే పరీక్ష పెట్టి, చురుకైన పిల్లవాణ్ణి ఊరి నుంచి తీసుకుపోయి హాస్టల్లో ఉంచి చదివించే పద్ధతికి చెందినవి. ఆ పద్ధతి సాధించిన ఫలితాలు కాదనలేనివి. ఆ జల్లెడలో నిలిచిన పిల్లలు వెళ్లిపోయాక, ప్రైవేటు బడి బస్సెక్కగలిగినవారు కూడా వెళ్లిపోయాక, ఎనిమిదో తరగతి నాటికి ఊరి ఉన్నత పాఠశాలలో మిగిలేది ఎవరన్నదే ప్రశ్న. ప్రవేశ పరీక్ష సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివారు, ఆడపిల్లను హాస్టల్‌కు పంపడం ఇష్టం లేని ఇళ్లవారు, తొమ్మిదేళ్ల వయసులో ఒక మార్కు తక్కువైనవారు, నెమ్మదిగా వికసించే తెలివి గలవారు అక్కడ ఉంటారు. పిల్లవాణ్ణి ఊరు దాటించకుండా, ఉన్న బడిలోనే నిలబెట్టి, ఇంటికి డబ్బు చేర్చే పథకాల్లో ప్రతిభను కూడా లెక్కలోకి తీసుకునేది ఎన్‌ఎంఎంఎస్. కాబట్టి దీని సన్నద్ధతకు కోచింగ్ కేంద్రాల నమూనా పనికిరాదు. అది ఆ బడి రోజువారీ బోధనలోంచే రావాలి.

ఒకప్పటి అనంతపురం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తనకల్లు, కదిరి నుంచి మదనపల్లెకు పోయే జాతీయ రహదారి మీద ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన మీద ఆధారపడిన వేరుశనగ, బోరు ఉన్నచోట టమాటా, రెండూ కలిసిరాని ఏడాది బెంగళూరుకు వలస: ఇదే ఇక్కడి చిన్న రైతు ఆర్థిక చక్రం. 2011 జనగణన నాటికి జిల్లా అక్షరాస్యత దాదాపు 64 శాతం కాగా అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67. ఈ వివరాలకూ పరీక్షకూ సంబంధం ఏమిటన్న సందేహం క్యాలెండర్ చూస్తే తీరుతుంది. ఎన్‌ఎంఎంఎస్ ప్రకటన ఇటీవలి సంవత్సరాల్లో ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో వస్తూ, పరీక్ష డిసెంబరు తొలి వారాల్లో ఒక ఆదివారం జరుగుతున్నది. ఖరీఫ్‌లో విత్తిన వేరుశనగ చెట్టు పీకి, కాయ తెంపి, ఆరబెట్టే పని అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. పదమూడేళ్ల పిల్లల చేతులు, ముఖ్యంగా ఆడపిల్లల చేతులు, పొలంలో అవసరమయ్యే కాలమూ అదే. దసరా సెలవులు, పంట కోత, అర్ధ సంవత్సర మూల్యాంకనం మూడూ కలిసి వచ్చే ఆ రెండు నెలల్లో మొదలుపెట్టిన శిక్షణ అదను తప్పిన విత్తనం లాంటిది. మొలకెత్తినా కాపుకు రాదు. నాలుగు నెలల ముందు ప్రారంభించాలని ఉపాధ్యాయులకు సూచించడం తేలికే గానీ, పరీక్ష స్వభావాన్ని బట్టి చూస్తే నాలుగు నెలలు కూడా చాలవు.

పరీక్ష రెండు పత్రాలుగా ఉంటుంది. మొదటిది మేధా సామర్థ్య పరీక్ష, క్లుప్తంగా మ్యాట్. రెండోది పాఠ్యాంశాల మీద జరిగే సామర్థ్య పరీక్ష, క్లుప్తంగా శాట్. ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 90 నిమిషాలు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదాన్ని ఎంచుకుని ఓఎంఆర్ పత్రం మీద వృత్తాన్ని నింపాలి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. రెండు పత్రాల్లో కలిపి 40 శాతం, అంటే 180కి 72 మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం) వస్తే అర్హత లభిస్తుంది గానీ, ఎంపిక జిల్లాల వారీ కోటాలో ప్రతిభా క్రమం, రిజర్వేషన్లను బట్టి జరుగుతుంది కనుక అర్హత మార్కులతోనే ఉపకార వేతనం దక్కుతుందనుకోవడం పొరపాటు.

మొత్తం మార్కుల్లో సగం ఉన్న మ్యాట్‌కు బడిలో పాఠ్యపుస్తకం లేదు, పీరియడ్ లేదు, బోధించవలసిన ఉపాధ్యాయుడు ఎవరో నిర్ణయించి లేదు. సంఖ్యా శ్రేణులు, పోలికలు, గుంపులో ఇమడనిదాన్ని గుర్తించడం, సంకేత భాష, దిక్కులు, రక్త సంబంధాలు, అద్దంలో ప్రతిబింబాలు, వెన్ చిత్రాలు, పాచికలు, గడియారం, క్యాలెండర్ వంటి అంశాల మీద వచ్చే ఈ ప్రశ్నల భారం అలవాటుగా గణిత ఉపాధ్యాయుడి మీద పడుతుంది. ఆయన తన సిలబస్ పూర్తి చేసుకున్నాక మిగిలిన సమయంలో గైడులోని సూత్రాలను బోర్డు మీద రాసి చూపిస్తే, పిల్లలు వాటిని మరో పాఠంలాగే కంఠస్థం చేస్తారు. ఈ పద్ధతిలోని లోపాన్ని ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చు. 3, 7, 15, 31 తరువాత ఏమి వస్తుందని అడిగితే, ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి ఒకటి కలపాలన్న నియమం తెలిసిన విద్యార్థి 63 అంటాడు. పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు 4, 8, 16 కనుక తదుపరి తేడా 32 అని గమనించిన విద్యార్థి కూడా 63కే చేరుతాడు. మొదటివాడికి ఆ నియమం పనిచేయని శ్రేణి ఎదురైతే దారి మూసుకుపోతుంది. రెండోవాడు తేడాలు తీసి చూసే పద్ధతిని ఏ శ్రేణి మీదనైనా ప్రయోగించగలడు. జవాబు సరైనదా కాదా అన్నదానికన్నా ఎలా వచ్చిందో తోటి పిల్లలకు చెప్పించడం మీద శ్రద్ధ పెట్టిన తరగతిలోనే రెండో రకం విద్యార్థులు తయారవుతారు.

అందుకే మ్యాట్ సాధనను ఏడో తరగతి ప్రారంభం నుంచే, రోజుకు ఐదు ప్రశ్నలకు మించకుండా, ప్రార్థన తరువాతి పది నిమిషాల్లోనో చివరి పీరియడ్‌లోనో పెట్టడం మేలు. ఏడో తరగతి జూన్ నుంచి ఎనిమిదో తరగతి నవంబరు వరకు పండుగలు, గైర్హాజరు పోగా 300 పనిదినాలు దొరికినా 1,500 ప్రశ్నలు అవుతాయి. నెల రోజుల ప్రత్యేక తరగతుల్లో ఏ విద్యార్థీ అన్ని చేయలేడు, చేసినా నిలుపుకోలేడు. కోత పనుల కోసం పదిహేను రోజులు రాలేకపోయిన పిల్ల కూడా ఈ పద్ధతిలో కోల్పోయేది కొద్దిగానే. పైగా ఈ అభ్యాసం పరీక్షకు కూర్చోని పిల్లలకు సైతం ఉపయోగపడుతుంది. ఎంపికవుతారని ముందే ఊహించిన ఐదారుగురిని వేరు చేసి వారికే శిక్షణ ఇచ్చే అలవాటు చాలా బడుల్లో ఉంది. ప్రాథమిక దశలో ఒకసారి జల్లెడ పట్టగా మిగిలిన పిల్లలను ఊరి బడి మళ్లీ జల్లెడ పట్టడం ఈ పథకం ఉద్దేశానికే విరుద్ధం.

శాట్ విషయంలో అంచనాలు మరో విధంగా తప్పుతుంటాయి. 90 ప్రశ్నల్లో విజ్ఞాన శాస్త్రానికి 35, సాంఘిక శాస్త్రానికి 35, గణితానికి 20 కేటాయించారు. పోటీ పరీక్ష అనగానే గణితం గుర్తుకు రావడం సహజమే అయినా, ఇక్కడ సాంఘిక శాస్త్రం బరువు గణితం కన్నా ఎక్కువ. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రాల నుంచి వచ్చే ఆ 35 ప్రశ్నలకు బిట్ బ్యాంకుల కన్నా ఏడు, ఎనిమిది తరగతుల పాఠ్యపుస్తకాలను, అందులోని పటాలను, పట్టికలను జాగ్రత్తగా చదవడమే ఉత్తమ సాధన. రాష్ట్రంలో 2020–21 నుంచి దశలవారీగా వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉండటం ఇందుకు అనుకూలమే. ఇంగ్లిషు మాధ్యమంలో పేరున్నా తెలుగు పేజీలోనే అర్థం చేసుకునే విద్యార్థి రెండు భాషల పారిభాషిక పదాలను పక్కపక్కన పెట్టుకుని చదవగలడు. ఆరు నుంచి ఎనిమిది తరగతులుండే ప్రాథమికోన్నత పాఠశాలల్లో ప్రతి సబ్జెక్టుకు విడి ఉపాధ్యాయుడు లేకపోవడం మాత్రం నిజమైన ఇబ్బంది. పక్క ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు నెలకొకసారి వచ్చి ఒక పత్రాన్ని చర్చించే ఏర్పాటును మండల విద్యాధికారి స్థాయిలోనే చేయవచ్చు, దానికి కొత్త నిధులేమీ అక్కర లేదు.

సన్నద్ధత అన్న మాటను ప్రశ్నలకు జవాబులు నేర్పడానికే పరిమితం చేయడం మరో పెద్ద లోపం. ఈ పరీక్షకు విద్యార్థి సొంతంగా దరఖాస్తు చేయలేడు. పాఠశాల యూడైస్ కోడ్ ద్వారా ప్రధానోపాధ్యాయుడే ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసి, ఓసీ, బీసీలకు 100 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 50 రూపాయల రుసుము కట్టించాలి. ఎంపికైన తరువాత నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థి పేరు నమోదై, పాఠశాల నోడల్ అధికారి ఒకసారి, జిల్లా నోడల్ అధికారి మరోసారి ధ్రువీకరిస్తే తప్ప డబ్బు రాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి బడి రికార్డులో పొడి అక్షరంగా ఉండటం, పుట్టిన తేదీల్లో తేడా, తల్లి పేర తెరిచిన ఖాతాను విద్యార్థి ఖాతాగా చూపడం వంటివి ఈ దశలో బయటపడతాయి. తల్లిదండ్రులు బెంగళూరులో భవన నిర్మాణ పనిలో ఉండి పిల్ల అవ్వాతాతల దగ్గర ఉన్న ఇంట్లో, ఆధార్‌కు జత చేసిన ఫోను తండ్రి జేబులో ఉంటుంది. ఓటీపీ అక్కడికి వెళుతుంది, దరఖాస్తు ఇక్కడ ఆగిపోతుంది. డిసెంబరులో 180 ప్రశ్నలకు నిలిచిన విద్యార్థి ఒక అక్షరం తేడాతో ఆగిపోవడాన్ని దురదృష్టంగా కాక బోధనేతర సన్నద్ధతలో లోపంగానే చూడాలి. ఏడో తరగతిలో ఉండగానే, సంక్రాంతికో ఉగాదికో తల్లిదండ్రులు ఊరికి వచ్చినప్పుడు ఆధార్ సవరణ, బ్యాంకు ఖాతా, కుల, ఆదాయ ధ్రువపత్రాల పని పూర్తి చేయించే బాధ్యత ఒక ఉపాధ్యాయుడికి పేరు పెట్టి అప్పగించిన బడికి మ్యాట్‌లో పది మార్కులు తక్కువ వచ్చినా మొత్తం మీద మేలే జరుగుతుంది.

ఎంపిక ఒక్కసారి జరిగినా ఉపకార వేతనం ఏటా పునరుద్ధరించుకోవలసిందే. తొమ్మిది నుంచి పదికి తొలి ప్రయత్నంలో ఉత్తీర్ణుడు కావాలి; పదో తరగతిలో 60 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం) రావాలి; ఇంటర్‌లోనూ మొదటి సంవత్సరం తొలి ప్రయత్నంలోనే గట్టెక్కాలి. అన్నిటికన్నా బిగువైన షరతు ఏమిటంటే, ఇంటర్ కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కళాశాలలోనే, అదీ వసతి లేనిచోటే చదవాలి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలను కార్పొరేట్ కళాశాలలు ఫీజు రాయితీ ఆశ చూపి తీసుకుపోయే రాష్ట్రంలో ఈ షరతు వల్ల, ప్రతిభకు ఇచ్చిన ఉపకార వేతనం ఆ ప్రతిభ నిరూపణ అయిన క్షణంలోనే చేజారుతుంది. రాయితీ పోగా మిగిలిన ఫీజు, హాస్టల్ ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో, తనకల్లు నుంచి కదిరి ప్రభుత్వ కళాశాలకు రోజూ బస్సులో వెళ్లివస్తే ఆ 12,000 దేనిదేనికి సరిపోతాయో కాగితం మీద లెక్క వేసి తల్లిదండ్రుల ముందు పెట్టే పని ఎవరూ చేయడం లేదు. నిర్ణయం కుటుంబానిదే, కాకపోతే లెక్క తెలిసి తీసుకున్న నిర్ణయం వేరు, ప్రకటనల హోర్డింగు చూసి తీసుకున్నది వేరు.

ఉపకార వేతనంగా ఇచ్చే మొత్తం విషయంలోనూ ప్రభుత్వం ఆలోచించవలసింది ఉంది. పథకం నెలకు 500 రూపాయలతో మొదలై 2017లో 1,000కి చేరి అక్కడే ఆగింది. రాష్ట్రంలో 2025లో మొదలైన తల్లికి వందనం పథకం కింద ప్రైవేటు బడి విద్యార్థికి సైతం, నిర్వహణ కింద మినహాయించే 2,000 పోను 13,000 అందుతుండగా, పోటీ పరీక్షలో గెలిచిన పేద విద్యార్థికి అందే మొత్తం అంతకన్నా తక్కువగా ఉండటం విడ్డూరమే. మరో వైపు ఆదాయ పరిమితి 1.5 లక్షల నుంచి 3.5 లక్షలకు పెరిగింది గానీ లక్ష అన్న సంఖ్య పెరగలేదు. పరిమితి పెంపు న్యాయమైనదే, కాకపోతే దానివల్ల వ్యవసాయ కూలీ బిడ్డ ఇప్పుడు చిన్నపాటి నెల జీతం వచ్చే ఇంటి బిడ్డతో అదే కొద్దిపాటి స్థానాల కోసం పోటీ పడవలసి వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ 1963లో ప్రారంభించిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష, అంటే ఎన్‌టీఎస్‌ఈ, 2021 తరువాత నిలిచిపోవడంతో ఉన్నత పాఠశాల స్థాయిలో దేశవ్యాప్త ఉపకార వేతన పరీక్షల్లో ప్రధానంగా మిగిలింది ఎన్‌ఎంఎంఎస్ ఒక్కటే. పదో తరగతిలో జరిగిన ఆ పాత పరీక్ష ప్రైవేటు బడులకూ తెరిచి ఉండటంతో నగరాల శిక్షణ సంస్థల గుప్పిట్లోకి చాలావరకు వెళ్లిపోయింది. దాన్ని పునరుద్ధరించినా తనకల్లు పిల్లలకు ఒరిగేది తక్కువ.

జిల్లా కోటాలోనూ ఇలాంటి అసమానతే చిన్న పరిమాణంలో కనిపిస్తుంది. హిందూపురం, ధర్మవరం, కదిరి పట్టణాల పురపాలక పాఠశాలల విద్యార్థికి అందుబాటులో ఉండే గ్రంథాలయం, గైడ్లు, ట్యూషన్లు, ఇంటర్నెట్ కేంద్రం మారుమూల మండల విద్యార్థికి ఉండవు. ఇద్దరూ ఒకే జాబితాలో పోటీ పడతారు. 1971–72లో గ్రామీణ ప్రతిభావంతుల కోసం కేంద్రం తెచ్చిన పాత జాతీయ ఉపకార వేతన పథకంలో స్థానాలను పంచాయతీ సమితుల (బ్లాకుల) వారీగా పంచేవారు. దాదాపు 680 మండలాలున్న రాష్ట్రంలో 4,087 స్థానాలను సమంగా పంచితే మండలానికి ఆరు వస్తాయి. అందులో మూడింటిని మండలానికి కేటాయించి, మిగిలిన సగాన్ని జిల్లా ప్రతిభా జాబితాకు వదిలిపెట్టడం ఆలోచించదగిన మార్గం. ప్రమాణాలు పడిపోతాయన్న అభ్యంతరం వస్తే, 40 శాతం అర్హత నిబంధన ఇప్పటికే ఉంది. ఆ గీత దాటినవారు తక్కువైన మండలంలో మిగిలిన స్థానాలు తిరిగి జిల్లా జాబితాకే చేరతాయి, ఏ మండలం ఎన్నేళ్లుగా తన స్థానాలు నింపుకోలేకపోతున్నదో అప్పుడు విద్యాశాఖకు పేర్లతో సహా తెలుస్తుంది.